గొంతులో ఆగిపోయిన 'నాహిఁ'

బుధవారం. రాత్రి పది దాటింది.

పాప ఇప్పుడే పడుకుంది. గిన్నెలు తోమాల్సినవి అలాగే ఉన్నాయి. ముందు ఇది రాసుకుంటే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

బుధవారం, శనివారం బడిలో గుడ్డు కూర పెడతారు. పాప గుడ్డు తినే తీరు నాకు బాగా తెలుసు. తెల్లసొన చుట్టూ గిల్లి అన్నంలో కలిపేసుకుంటుంది. పచ్చసొన మాత్రం చెదరకుండా, గుండ్రంగా కంచం అంచున పెట్టుకుంటుంది. ఆఖరి ముద్దకి. మూడో తరగతిలోకి వచ్చాక ఆ ఆఖరి ముద్ద దాని నోటికి అందనే లేదట. పక్కన కూర్చునే అమ్మాయి చెయ్యి చాపుతుంది, ఇది ఇచ్చేస్తుంది.

గుడ్డు ఒక్కటే అయితే ఇంత బాధ పడను. ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో మాట్లాడకూడదో, పుచి ఆటలో ఎప్పుడు దిగాలో, ఎప్పుడు తప్పుకోవాలో అన్నీ ఆ అమ్మాయే చెప్తుంది. రబ్బరు, స్కేలు ఆ సంచిలోకి వెళ్తే మళ్లీ రావు. నేనేమో పారేసుకుంటున్నావని తిట్టాను. ఒకసారి రబ్బరు కొనకుండా రెండు రోజులు అలాగే పంపాను కూడా. ఆదివారం జడ వేస్తుంటే, నా మొహం కనబడదు కదా, అప్పుడు మెల్లగా చెప్పింది. దువ్వెన నా చేతిలో అలాగే ఆగిపోయింది.

కోపం ఆ పిల్ల మీద వచ్చింది గానీ, రాత్రి పడుకున్నాక ఒకటో తరగతి గుర్తొచ్చింది. పాపకి అప్పటికి ఒడియా ముక్క రాదు. ఇంట్లో అంతా తెలుగే. బాత్రూంకి వెళ్లాలన్నా, మంచినీళ్లు కావాలన్నా, ఆ అమ్మాయే లేచి గురుమాకి, అంటే టీచరమ్మకి, చెప్పేది. ఇది చెయ్యి పట్టి లాగితే చాలు, ఆ పిల్లకి అర్థమైపోయేది. నేనెంత సంతోషపడ్డానో! ఆ పిల్లే దీనికి నోరు అయిపోయిందిలే, ఇంక దిగుల్లేదు అనుకున్నాను. ఆ ఏడాది సంక్రాంతికి ఆ పిల్లకి అరిసెలు కూడా పంపాను. ఒడియా వచ్చేశాక కూడా పాప తరఫున ఆ అమ్మాయే మాట్లాడుతూ వచ్చింది. అలా మాట్లాడేది కాస్తా ఎప్పుడు ఏలడంలోకి దిగిందో నేను గమనించలేదు.

అందరూ పాపని నోట్లో నాలుక లేని పిల్ల అంటారు. ఏరు దాటి ఆంధ్ర వైపు పాతపట్నం తీసుకెళ్తే అమ్మమ్మ ఇంట్లో దీని నోటికి తాళం వేయలేం. మహేంద్రతనయకి అటు గట్టున ఒక పిల్ల, ఇటు గట్టున పర్లాకిమిడిలో ఇంకో పిల్ల. ఈ ఊరు 1936లో ఒడిశాలో కలిసింది. కొందరు వెళ్లిపోయారు, మావాళ్లు ఉండిపోయారు. రేపు ఇక్కడే బతకాలి కాబట్టి ఒడియా బడిలోనే వేశాం, అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఇంటి మాట బయటే వదిలి లోపలికి అడుగుపెట్టే పిల్లకి ఎంత బెరుకో పెద్దవాళ్లకి ఇట్టే మరుపొస్తుంది. ఇదే ఊళ్లో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారికి అది తెలుసు. సవర గిరిజన పిల్లల కోసం తనే సవర మాట నేర్చుకుని, వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. నేను నా పిల్లకి చేసింది అరిసెలు పంపడం.

సోమవారం గురుమాని కలిశాను. "ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఉంటారు కదమ్మా" అని ఆశ్చర్యపోయారు. చూస్తానన్నారు.

నిన్న రాత్రి వంటింట్లో ఇద్దరం కూర్చున్నాం. నేను ఆ అమ్మాయిని, పాప పాపే. పచ్చసొన బదులు బెల్లం ముక్క. నేను చెయ్యి చాపి "దే" అన్నాను. పాప "ము దేబి..." అని ఆగిపోయింది. మళ్లీ అడిగాను. "ము దేబి..." పెదాలు కదిలాయి, మాట రాలేదు. బెల్లం ముక్క నా చేతిలో పెట్టేసింది.

అప్పుడు వెలిగింది నాకు. మనకి 'ఇవ్వను' అని ఒక్క మాటలో అయిపోతుంది. ఒడియాలో 'దేబి నాహిఁ'. 'దేబి' అంటే ఇస్తాను. కాదనే మాట చివర్న వస్తుంది. నా పిల్ల రోజూ కాదనే బయల్దేరుతోంది, భయంతో ఆ చివరి మాట మింగేస్తోంది. అవతలి పిల్ల చెవికి చేరేది 'ఇస్తాను' ఒక్కటే. ఆ పిల్ల తీసుకుంటోంది. ఎన్ని బుధవారాలు అలా అయ్యాయో.

"పూర్తిగా అనమ్మా, చివరిదాకా అను" అని పదిసార్లు అనిపించాను. పదకొండోసారికి కళ్లనీళ్లు పెట్టుకుంది. బెల్లం దాని నోట్లో పెట్టి ఆపేశాను.

ఈ రోజు పొద్దున్నించీ నాకు ఒకటే టెన్షన్. మధ్యాహ్నం ఒంటిగంటకి నా కంచంలో అన్నం ఎండిపోయింది. నాలుగింటికి గేటు దగ్గర నిలబడ్డాను. పాప వచ్చింది, ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. సందు మలుపు తిరిగాక నా చీర కొంగు పట్టుకుని, "ముందే నాహిఁ అనేశానమ్మా" అంది.

"ఏటన్నావు?"

"నాహిఁ అన్నాను. తర్వాత దేబి నాహిఁ అన్నాను. ముందే అనేస్తే మిగతాది రాకపోయినా పర్లేదు కదా."

నేను నేర్పింది కాదది. రాత్రి పడుకుని తనే ఆలోచించుకుందట.

ఆ అమ్మాయి చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, "అయితే పుచికి రాకు" అందట. పాప వెళ్లలేదు. భోజనాలయ్యాక బెల్లు కొట్టేదాకా మెట్ల మీద ఒక్కతే కూర్చుంది. అది విన్నప్పుడు నా కడుపులో దేవినట్టయింది. పచ్చసొన తిన్నావా అంటే, తిన్నానంది. ఎలా ఉందే అంటే, "గొంతుకి అడ్డం పడింది, నీళ్లు తాగాను" అంది.

ఇందాక దుప్పటి కప్పుతుంటే సగం నిద్రలో అంది, "రేపు దాల్మా పప్పు కదమ్మా. రేపు ఎవరూ ఏమీ అడగరు."

శనివారం మళ్లీ గుడ్డు.