బైనరీ: ముందు లెక్కపెట్టడం, తర్వాతే మార్చడం

బైనరీ అంటే 0, 1 అనే రెండే అంకెలతో సంఖ్యలు రాసే పద్ధతి. దాన్ని మొదలుపెట్టే చాలామంది మామూలు సంఖ్యను బైనరీలోకి మార్చడానికి నేరుగా "2తో భాగించు, శేషాలు రాసుకో" అన్న సూత్రం పట్టుకుంటారు. జవాబు వస్తుంది గానీ, ఎందుకు వచ్చిందో తెలియదు. అందుకే ముందుగా ఒక కాగితం తీసుకుని 0 నుంచి 15 దాకా బైనరీలో చేత్తో రాయమంటాను. మార్చడం సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

మామూలు లెక్కల్లో 9 దాటాక ఏం చేస్తాం? ఇక అంకె లేదు కాబట్టి అక్కడ సున్నా పెట్టి, ఎడమ స్థానాన్ని ఒకటి పెంచుతాం. బైనరీలోనూ నియమం అదే. ఉన్న అంకెలు 0, 1 మాత్రమే కాబట్టి 1 దగ్గరే అంకెలు అయిపోతాయి. అందుకే 0, 1 తర్వాత 10 వస్తుంది, ఆపైన 11, ఆ తర్వాత 100. ఈ 10ని 'పది' అని చదవకండి, 'ఒకటి సున్నా' అనండి. దాని విలువ రెండు.

తర్వాతి సంఖ్య రాయడానికి ఎప్పుడూ కుడి చివర నుంచి మొదలుపెట్టండి. అక్కడ 0 ఉంటే దాన్ని 1 చేస్తే పని అయిపోయింది. 1 ఉంటే 0 చేసి ఎడమకు జరగండి, అక్కడా ఇదే చేయండి. ఎక్కడో ఒకచోట 0 దొరికి, అది 1 అయ్యేదాకా ఆగకూడదు. తడబాటు ఎక్కువగా 0111 దగ్గర వస్తుంది. చివరి 1ని 0 చేసి అక్కడే ఆగిపోయి 0110 రాసేస్తారు. అంటే ఏడు నుంచి ముందుకు వెళ్లకుండా వెనక్కి, ఆరుకు వచ్చారన్నమాట. మూడు ఒకట్లూ సున్నాలై 1000 రావాలి.

రాసింది సరిచూసుకోవడం సులువు. అన్నీ నాలుగేసి అంకెలతో రాసి, నిలువుగా చూడండి. కుడి చివరి వరుసలో 0, 1 ఒక్కొక్కటిగా మారుతుంటాయి. దాని పక్క వరుసలో రెండేసి సున్నాలు, రెండేసి ఒకట్లు. ఆ పక్కన నాలుగేసి, ఆపైన ఎనిమిదేసి. ఈ క్రమం ఎక్కడ తప్పితే తప్పు అక్కడే ఉంది.

ఛందస్సు చదివినవాళ్లకు ఈ పట్టిక పరిచయమే. లఘువును (పొట్టి అక్షరం) 0, గురువును (పొడుగు అక్షరం) 1 అనుకుని మూడు స్థానాలతో రాస్తే 000 న గణం, 001 స గణం, తర్వాత వరుసగా జ, య, భ, ర, త, చివరికి 111 మ గణం. మూడక్షరాల గణాలు సరిగ్గా ఎనిమిదే ఎందుకంటే 2×2×2 ఎనిమిది కాబట్టి. ప్రాచీన ఛందోవేత్త పింగళుడి ఛందశ్శాస్త్రంలోని ప్రస్తారం, వరుసక్రమం వేరైనా, ఇలా ఏ కూర్పూ వదలకుండా రాసే పద్ధతే.

ఇప్పుడు స్థానవిలువలు. కుడి నుంచి 1, 2, 4, 8, 16, 32, 64, 128. 156ని బైనరీలో రాయాలంటే పెద్దదాని నుంచి తీసేస్తూ రండి. 128 తీస్తే 28 మిగిలింది. 64, 32 పట్టవు. 16 తీస్తే 12, 8 తీస్తే 4, ఆ 4 తీస్తే సున్నా. తీసిన చోట 1, తీయని చోట 0 పెడితే 10011100. చివరి రెండు సున్నాలూ తప్పకుండా రాయాలి. "మిగిలింది ఏమీ లేదుగా" అని వదిలేస్తే 100111 అవుతుంది, అది 39. ఎడమ వైపు సున్నాలు ఎన్ని చేర్చినా విలువ మారదు, కుడి వైపు ఒక్కటి చేరినా రెట్టింపవుతుంది.

సున్నా వచ్చేదాకా 2తో భాగిస్తూ పోయే భాగహారం పద్ధతిలో శేషాలు కింది నుంచి పైకి చదవాలి. మొదట వచ్చే శేషం ఒకట్ల స్థానానిది, అంటే కుడి చివరిది. 156 శేషాలను పై నుంచి చదివితే 00111001, అంటే 57 వస్తుంది. ఒక చిన్న పరీక్ష: అసలు సంఖ్య సరి అయితే జవాబు 0తో, బేసి అయితే 1తో ముగియాలి.

ఒక్కో బైనరీ అంకెను బిట్ అంటారు. ఎనిమిది బిట్లలో 256 విలువలు పడతాయి, కానీ లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి పెద్దది 255. 11111111కి ఒకటి కలిపితే ఎనిమిదీ సున్నాలవుతాయి. ఎడమకు వెళ్లాల్సిన ఆ ఒకటికి తొమ్మిదో స్థానం లేదు. ఎనిమిది బిట్లతో లెక్కించే కౌంటర్లు 255 తర్వాత మళ్లీ 0 చూపించడం ఇందువల్లే.

సాధనకు 25, 100, 200 రాసి చూడండి. 25 అంటే 11001. మిగతా రెండింటికీ తీసివేతలు అక్కర్లేదు: 25కి కుడి వైపు రెండు సున్నాలు చేర్చితే 100, అంటే 1100100; మరొకటి చేర్చితే 200, అంటే 11001000.