బాటిల్ మౌల్డ్ గోడ మీద గీతలు: నా అనుభవం

బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో చిన్న షెడ్డు, రెండు వీఎంసీలు (కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే నిలువు మిల్లింగ్ మెషీన్లు). హిందూపురం నుంచి వచ్చి అక్కడ చేరి అప్పటికి ఎనిమిది నెలలు. అంతవరకు నా పని ప్లేట్లకు డ్రిల్లింగ్, పాకెట్లు (గుంటలు తవ్వడం), అంతే. త్రీడీ ఫినిషింగ్, అంటే వంపు ఉపరితలాల చివరి కోత, నా చేతికి రావడం అదే మొదలు. పెట్ బాటిల్ బ్లో మౌల్డ్‌లో (గాలి ఊది ప్లాస్టిక్ బాటిల్ చేసే అచ్చులో) ఒక సగం, అల్యూమినియం. బాటిల్ కోలగా ఉంటుంది, లోతు 25 మి.మీ.

రెండు ఫ్లూట్ల (కోసే పళ్ళ) 10 మి.మీ. బాల్ నోస్, అంటే కొస గుండ్రంగా ఉండే టూల్. స్పిండిల్ నిమిషానికి 8000 చుట్లు, ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి 1600 మి.మీ. మాస్టర్‌కామ్ సాఫ్ట్‌వేర్‌లో బాటిల్ పొడవునా పారలల్ పాస్‌లు (పక్కపక్కనే సమాంతర కోతలు) వేసి, స్టెప్ ఓవర్, అంటే పాస్‌కీ పాస్‌కీ మధ్య ఎడం, 0.3 మి.మీ. ఇచ్చాను. చివరి కోతకి 0.2 మి.మీ. మెటీరియల్ వదిలి ట్రయల్ కొట్టాను. నన్ను కాపాడింది ఆ 0.2నే. గంటా నలభై ఐదు నిమిషాలు పట్టింది. ఎయిర్ గన్‌తో కూలెంట్ ఊదేసి చూస్తే అడుగు పర్వాలేదు కానీ, పక్క గోడలు దువ్వెనతో దువ్వినట్టున్నాయి. ఓనర్ వంగి చూసి, "ఏనిదు గెరె?" (ఏంటీ గీత?) అన్నారు. కన్నడం అర్థమైంది, జవాబే లేదు.

స్టెప్ ఓవర్ సగం చేశాను. టైం మూడున్నర గంటలకు పోయింది. గోడ మధ్యలో గీతలు సన్నబడ్డాయి, పై అంచు దగ్గర మాత్రం గోరుకి ఇంకా టకటక తగులుతూనే ఉన్నాయి.

మా సీనియర్‌ది కుప్పం. అన్నా, ఒకసారి చూడవా అని పిలిస్తే చిత్రాన్నం తింటున్న చెయ్యి కడుక్కుని వచ్చాడు. స్క్రీన్ వైపు చూడనే లేదు. గోడ మీద గోరు పెట్టి కింది నుంచి పైకి లాగాడు.

"0.3 ఎక్కడ కొలిచావు రా?"

"ప్రోగ్రాంలో ఉంది కదన్నా."

"అది పైనుంచి చూస్తే 0.3. గోడ మీద ఎంతో లెక్క కట్టు."

కట్టాను. 75 డిగ్రీల వాలు మీద రెండు పాస్‌ల మధ్య దూరం 1.16 మి.మీ. బాల్ నోస్ వదిలే మిట్ట ఎత్తు కావాలంటే ఆ దూరం వర్గాన్ని టూల్ రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగించాలి. అడుగున రెండు మైక్రాన్లు, గోడ మీద 34! అంచు దగ్గర గోడ దాదాపు నిలువు కాబట్టి ఇంకా ఎక్కువ. ఆ లెక్కన మొత్తం జాబ్‌కి స్టెప్ ఓవర్ తగ్గించడమంటే, బాగున్న అడుగు మీదే సగం టైం తగలేయడం.

అప్పుడు టూల్ పాత్‌ని (టూల్ నడిచే దారిని) రెండుగా విడగొట్టాను. 45 డిగ్రీలు దాటిన వాలుకి వాటర్‌లైన్, అంటే ఒకే ఎత్తులో గోడ చుట్టూ కోసి మెట్టు మెట్టుగా కిందికి దిగడం, ఒక్కో దిగుడు 0.25. అంతకన్నా తక్కువ వాలుకి పారలల్, అదీ 0.25. రెండూ కలిసేచోట కాస్త ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా చూసుకున్నాను, లేకపోతే అక్కడ గట్టు మిగులుతుంది.

బాటిల్ భుజం దగ్గర ఇంకో గొడవ. లైటు వెలుగులో వంపు మీద ఐదారు మిల్లీమీటర్ల పలకలు కనిపించాయి. తప్పు నాదే. రఫింగ్ (మొదటి ముతక కోత) ఆపరేషన్‌ని కాపీ చేసి ఫినిషింగ్‌గా మార్చినప్పుడు టాలరెన్స్, అంటే అసలు వంపు నుంచి టూల్ దారి ఎంత తేడాగా పోవచ్చో ఆ హద్దు, 0.1 అలాగే ఉండిపోయింది. ఆ వంపు రేడియస్ 40. దాన్ని 0.1 తేడాతో సరిపెట్టుకోమంటే సాఫ్ట్‌వేర్ అంతంత పొడుగు తిన్నని గీతలే గీస్తుంది మరి. 0.005కి దించాను. ప్రోగ్రాం ఫైలు బాగా పెరిగింది కానీ పలకలు పోయాయి.

ఇన్ని చేశాక కూడా ఉపరితలమంతా సన్నటి గరుకు. ఈసారి అన్న డయల్ (ముల్లుతో ఊగుడు కొలిచే మీటర్) పెట్టి, టూల్ షాంక్‌కి (కాడకి) ఆనించి స్పిండిల్‌ని చేత్తో మెల్లగా తిప్పాడు. ముల్లు 0.03 ఊగింది. టూల్‌ని పట్టి ఉంచే కొలెట్ విప్పితే చీలికల్లో గ్రీజూ అల్యూమినియం పొడీ కలిసిన నల్లటి ముద్ద. డీజిల్‌తో, టూత్‌బ్రష్‌తో తోమి బిగిస్తే 0.008. రనౌట్ (తిరిగేటప్పుడు టూల్ ఊగుడు) ముందున్నంత ఉన్నప్పుడు, ఉపరితలాన్ని తీర్చే చివరి కోత రెండు ఫ్లూట్లలో ఒకటే కోస్తుంది. పంటికి 0.1 అనుకున్న ఫీడ్ గుర్తు ఉపరితలం మీద నిజానికి 0.2 పడుతోందన్నమాట. దీన్ని ముందే చూడాల్సింది, నేను చివర్లో చూశాను.

ఫైనల్ కట్ రెండు గంటల పది నిమిషాలు. పాలిషింగ్ చేసే పెద్దాయన దాసరహళ్ళి నుంచి వచ్చి, గోడ మీద వేలు నడిపి, సంచిలోంచి తీసిన 320 ఎమెరీ పేపర్‌ని మళ్ళీ లోపల పెట్టి, అంతకన్నా నున్నటి 600 తీశాడు.

అడుగున నడిమధ్య, వేలెడు వెడల్పున మసక పట్టీ ఒకటి మాత్రం నాకు లొంగలేదు. అక్కడ కోసేది బాల్ కొస, కొసలో వేగం సున్నా. మెటీరియల్‌ని కోయకుండా రుద్దుతుంది. టూల్‌ని వంచుదామంటే మాది త్రీ యాక్సిస్ మెషీన్, టూల్ వంగదు. పెద్దాయన దాన్ని చూసి ఏమీ అనలేదు. ఆ ఒక్క పట్టీకి మాత్రం మళ్ళీ 320 తీశాడు.