వ్రతానికి కూర్చుంటుంది, మంత్రం చెప్పదు

సత్యనారాయణ వ్రతంలో నాలుగో అధ్యాయం నడుస్తోంది. భర్త వచ్చాడన్న సంబరంలో కళావతి ప్రసాదం తీసుకోకుండా రేవుకి పరిగెడుతుంది, పడవ కాస్తా మునిగిపోతుంది. "ప్రసాదం మర్చిపోతే మనిషిని ముంచేస్తాడా? దేవుడికి అంత కోపమేంటి?" అని ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి పదిమందీ వినేలా అడిగేసింది. మా అత్తగారి మొహం మాడిపోయింది. నిజానికి చిన్నప్పుడు నాకూ అదే అనుమానం. అడిగితే మా ఇంట్లో వీపు మోగేది.

నాన్నమ్మ కోప్పడేసరికి ఇకనుంచి వ్రతానికి కూర్చోనంది. పైగా స్కూల్లో చెప్పిన బార్నెట్ కేసు తీసింది. ప్లెడ్జ్ చెప్పమనీ, జెండాకి వందనం చేయమనీ ప్రభుత్వ బడులు పిల్లల్ని బలవంతపెట్టకూడదని 1943లో, యుద్ధం నడుస్తుండగానే, అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. వెస్ట్ వర్జీనియాలో జెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబాలు, జెండాకి వందనం చేయడం తమ మతానికి విరుద్ధమని వేసిన కేసు. రాజ్యాంగం కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, అమ్మని కాదు అని నోరు మూయించొచ్చు. ఆ మాట అనబుద్ధి కాలేదు.

దానికి బదులు కేరళ కేసు చెప్పాను. 1985లో అక్కడ ముగ్గురు పిల్లల్ని, వాళ్లూ జెహోవా సాక్షులే, జాతీయగీతం పాడటం లేదని బడి నుంచి పంపేశారు. తిరిగి చేర్చుకోమని మరుసటి ఏడాది మన సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసింది తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. బార్నెట్ తీర్పు ప్రస్తావన కూడా అందులో ఉంది. ఆ పిల్లలు పాడకపోయినా, గీతం అయ్యేదాకా అందరితోపాటు మర్యాదగా నిలబడేవారన్నది ఆయన ప్రత్యేకంగా గమనించారు.

"అయితే కూర్చుంటాను, మంత్రాలు చెప్పను. ఓకేనా?" పక్కా లాయరు బేరం. ప్రశ్నలు మాత్రం భోజనాలయ్యాకే అన్నాను. అప్పుడు ఎంత ఘాటుగా అడిగినా ఎవరూ "కళ్లు పోతాయ్" అనకూడదని తను ఇంకో షరతు పెట్టింది.

ఈ ఒప్పందం పిల్లకంటే పెద్దవాళ్లకే కష్టమైంది. తర్వాతి వ్రతంలో భోజనాలయ్యి అందరం కూర్చున్నప్పుడు, తలుపు కొట్టి పుస్తకాలిచ్చే జెహోవా సాక్షుల మీద ఒకాయన జోకులు మొదలుపెట్టాడు. మన కథ మీద చిన్న ప్రశ్నకే నొచ్చుకున్నవాళ్లు కూడా పడిపడి నవ్వారు.

"అంకుల్, నా కేసు గెలిచింది వాళ్లే. వాళ్ల నమ్మకం మీద మీకేదైనా డౌటుంటే వాళ్లనే అడగొచ్చుగా, నవ్వడమెందుకు?" అంది మా అమ్మాయి.

"మీ అమ్మాయికి నోరెక్కువే" అన్నాడాయన నాతో.

"భోజనాలయ్యాకేగా అడిగింది" అన్నాను.