మోకాలు గోడకు ఆనేదాకా: పల్టీల కోసం చీలమండలు, పిక్కలు వదులు చేసుకున్న 14 వారాలు

వెనక్కి పల్టీ కొట్టి కిందికి దిగేటప్పుడు తిరగడం రవ్వంత తక్కువైతే చాలు, ఛాతీ ముందుకు వాలి బరువంతా వేళ్ల మీద పడుతుంది. అప్పుడు మోకాలు పాదం దాటి ముందుకు వెళ్లగలగాలి. చీలమండ అంత మడవకపోతే మడమ లేస్తుంది, మోకాళ్లు లోపలికి పడతాయి, నడుము వంగిపోతుంది. ఒంటికాలి మీద దిగే ట్రిక్కుల్లో ఈ లోటు ఇంకా గట్టిగా తెలుస్తుంది. నా కుడి మోకాలి నొప్పికి మూలం మోకాల్లో లేదు, చీలమండలో ఉంది. అందుకే ముందు కొలత తీశాను.

కొలవడానికి గోడ, సుద్దముక్క, స్కేలు చాలు. గోడకు లంబంగా నేల మీద గీత గీసి, బొటనవేలు, మడమ మధ్యభాగం రెండూ ఆ గీత మీద ఉంచాలి. మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించాలి. ఆనితే పాదం ఒక సెంటీమీటరు వెనక్కి జరిపి మళ్లీ ప్రయత్నించాలి. మడమ నేలను వదలకుండా ఆనినప్పుడు బొటనవేలికీ గోడకీ మధ్య ఉన్న చివరి దూరమే మన కొలత. నాకు కుడివైపు 6 సెంటీమీటర్లు, ఎడమవైపు 8.5 వచ్చాయి. చాలామందికి 10 దగ్గర ఉంటే పని జరుగుతుంది. రెండు కాళ్ల మధ్య 2 సెంటీమీటర్ల తేడా ఉంటే పట్టించుకోవాలి.

ఈ కొలతలో మోసం చాలా సులువు. పాదం బయటికి తిప్పినా, అరికాలి వంపు నేలకు అణగనిచ్చినా మోకాలు లోపలి నుంచి దొంగదారిన గోడను తాకేస్తుంది. మోకాలు రెండో వేలి మీదుగానే వెళ్లాలి. ఆ నియమం పెట్టుకున్నాక నా ఎడమకాలి 8.5 కాస్తా 7.5 అయింది. దాన్నే అసలు లెక్కగా రాసుకున్నాను.

పట్టేసింది ఎక్కడో తేల్చుకోకుండా సాగదీస్తూ పోతే నెలలు వృథా. పిక్కలో రెండు పెద్ద కండరాలున్నాయి. పైకి ఉబ్బుగా కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్ మోకాలి పైనుంచి మొదలవుతుంది, అందుకని మోకాలు నిటారుగా ఉంటేనే పూర్తిగా సాగుతుంది. దాని కింద ఉండే సోలియస్ మోకాలిని దాటదు, మోకాలు వంచినా బిగుస్తుంది. రెండూ అకిలిస్ టెండన్ (మడమ వెనక తాడులా తగిలే స్నాయువు) ద్వారా మడమకే అతుక్కుంటాయి. గోడ పరీక్షలో పిక్క కింది భాగం లాగితే సోలియస్ అడ్డు. కాలు చాపి గోడను నెట్టేటప్పుడు పిక్క పైభాగం లాగితే గ్యాస్ట్రోక్నీమియస్. వెనక ఏమీ లాగకుండా చీలమండ ముందు మడత దగ్గర ఏదో నొక్కుకున్నట్టుంటే అడ్డు కీలులో ఉంది. అక్కడ పిక్కను ఎంత లాగినా లాభం లేదు, నొక్కుడు పెరుగుతుంది. నా కుడి చీలమండ ముందు నొక్కుకునేది, ఎడమది పిక్క కింద లాగేది. అంటే రెండు కాళ్లకీ ఒకే మందు పనిచేయదు.

కుడి కీలుకి పాత సైకిల్ ట్యూబు వాడాను. రిపేరు షాపుల్లో పనికిరాదని పక్కన పడేసినదైనా సరిపోతుంది, చీలిక లేకుండా చూసుకోవాలి. ఒక కొస మంచం కోడుకి నేలకు దగ్గరగా కట్టి, రెండో కొస చీలమండ ముందు మడతలో, రెండు పక్కలా పొడుచుకొచ్చే ఎముకలకు కాస్త కిందుగా వేయాలి. ట్యూబు చీలమండను వెనక్కి లాగుతూ ఉండాలి. పాదాన్ని ఇటుక ఎత్తున పెట్టుకుంటే ఆ లాగుడు కొంచెం కిందికి కూడా పడుతుంది. మోకాలిని నెమ్మదిగా ముందుకు 15 సార్లు, అలా మూడు విడతలు. ట్యూబు ఎముకల పైకి జారితే లాగుడంతా కాలి ఎముక మీద పడి పని చెడుతుంది. సరిగ్గా కుదిరినప్పుడు ముందరి నొక్కుడు అప్పటికప్పుడే తగ్గుతుంది. మూడు విడతలకీ తగ్గకపోతే బలవంతం చేయకుండా ఫిజియోథెరపిస్టుకి చూపించాలి.

సోలియస్‌కి కుర్చీ, ఇటుక, బియ్యం సంచి. పాదం ముందుభాగం ఇటుక మీద, మోకాలు 90 డిగ్రీలు, తొడ చివర 10 కిలోల సంచి. మూడు సెకన్లలో మడమ దించి, అడుగున రెండు సెకన్లు ఆగి, పైకెత్తాలి. 15 చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. పదో వారానికి 20 కిలోలకు చేరాను.

గ్యాస్ట్రోక్నీమియస్‌కి మెట్టు అంచు. రెండు కాళ్లతో పైకి లేచి, ఒంటికాలితో మూడు సెకన్లలో మడమను మెట్టు కిందికి దించి, అక్కడ ఐదు సెకన్లు నిలవాలి. 8తో మొదలుపెట్టి 15 దాకా, మూడు విడతలు. 15 తేలికయ్యాక వీపున బ్యాగులో 5 కిలోలు. తప్పులన్నీ జరిగేది ఇక్కడే. అలిసేకొద్దీ మోకాలు తెలియకుండానే వంగుతుంది, పని సోలియస్‌కి మారిపోతుంది. బరువు చిటికెనవేలి వైపు ఒరిగితే చీలమండ బయటికి మెలిక పడుతుంది, బొటనవేలి మొదలు నొక్కి ఉంచాలి. అడుగున ఎగరేసినట్టు కుదిపితే కండ తిరగబడి బిగుస్తుంది. ఇక మొదటి రోజే పూర్తి లోతుకు పోతే రెండు మూడు రోజులు అమీర్‌పేట మెట్రో మెట్లు దిగడం నరకం. మొదటి వారం సగం లోతు చాలు. కేవలం కాలు చాపి లాగడం కన్నా ఇలా బరువు మోయిస్తూ సాగదీయడమే నాకు మంచిదనిపిస్తుంది. పల్టీ దిగేటప్పుడు కావలసింది ఆ లోతులో నిలబడే బలం, వట్టి వదులు కాదు.

ఎప్పుడు చేయాలన్నదీ ముఖ్యమే. దూకే ముందు నిమిషం పైన పట్టి సాగదీస్తే ఎగురు తగ్గుతుంది. అందుకే ముందు గోడ దగ్గర 10 నెమ్మది ఊపులు మాత్రమే, అసలు సాధన పల్టీల తర్వాత. వేసవిలో డాబా మీద ఎండ పెరగకముందే ముగించాలి. డిసెంబరు పొద్దుల్లో పచ్చిక మంచుకి జారుతుంది, పిక్కలూ బిగిసి ఉంటాయి. పది నిమిషాలు నడిచాకే మొదలుపెట్టేవాణ్ణి. జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్ల మీద పైకి నడవడం అందుకు బాగా పనికొస్తుంది. మడమ ఎత్తున్న రన్నింగ్ బూట్లు ఇంట్లో మానేశాను. రోజూ రెండు నిమిషాలు మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో మడమల కింద మడిచిన దుప్పటి, నెలకొక మడత తీసేస్తూ.

ఆదివారం పొద్దున, ఒళ్లు వేడెక్కకముందు, వారానికి ఒక్కసారే కొలత. సాధన అయిన వెంటనే కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ చూపించి ఆశపెడుతుంది, మర్నాటికి ఉండదు. మొదటి మూడు వారాల్లో కుడికాలు 6 నుంచి 7.5కి వచ్చింది. ఐదు నుంచి ఎనిమిదో వారం దాకా ఏమాత్రం కదలలేదు. కారణం దూకుళ్ల లెక్క. వారానికి నాలుగు రోజులు దూకుతుంటే పిక్కలు తేరుకునే సమయమే దొరకలేదు. మూడు రోజులకు తగ్గించి, మెట్టు వ్యాయామాన్ని దూకే రోజునే పెట్టి, మర్నాడు పూర్తిగా విశ్రాంతి ఇచ్చాక మళ్లీ కదిలింది. 14వ వారానికి కుడి 9.5, ఎడమ 10.

గాల్లో పాదం చాపినట్టు కనిపించాలంటే చీలమండ ముందువైపు కూడా వదులవ్వాలి. వజ్రాసనంలో, పాదాల కింద మడిచిన తువ్వాలుతో, 30 సెకన్లు మూడుసార్లు. అరికాలు కొంకర్లు పోతే వెంటనే లేచి వేళ్లను పైకి వంచాలి. గోడకు వీపు ఆనించి, పాదాలు 30 సెంటీమీటర్లు ముందుకు పెట్టి, వేళ్లెత్తడం 20 చొప్పున రెండు విడతలు. దీన్ని చాలామంది వదిలేస్తారు. కొత్తగా వచ్చిన లోతులోకి పాదాన్ని సొంతంగా లాగగలిగేది మోకాలి కింద కాలి ముందువైపు ఉండే ఈ కండే.

ఆరో వారం నుంచి మోకాళ్లు పెద్దగా వంచకుండా చిన్న గెంతులు, 20 సెకన్ల చొప్పున మూడు విడతలు. టెండన్‌కి స్ప్రింగు గుణం పోకూడదు. అది లేకపోతే చీలమండ ఎంత మడిచినా పల్టీకి ఎత్తు రాదు. పదో వారంలో మోకాలి ఎత్తు దిమ్మె మీంచి దూకి, లోతుగా కూర్చుని, మడమలు ఆనాయో లేదో ఫోన్ వీడియోలో పక్కనుంచి చూసుకున్నాను. పది దూకుళ్లలో తొమ్మిదిసార్లు ఆనాకే మళ్లీ వెనక్కి పల్టీకి వెళ్లాను.

మడమ ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉంటే మెట్టు కిందికి దించకూడదు, నేల మట్టం దాకానే చేయాలి. పొద్దున లేవగానే టెండన్ బిగుసుకుపోయి పది నిమిషాల నడకకీ వదలకపోతే ఆ వారం బరువు తగ్గించాలి. ఒక్క పిక్కే వాచి, వేడెక్కి, నొప్పి పెడితే సాగదీయకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు మెట్టు వ్యాయామం వారానికి రెండుసార్లు, బియ్యం సంచి ఒకసారి. కుడికాలికి ట్యూబు మాత్రం పల్టీలున్న ప్రతి రోజూ ఒక విడత.