చలికాలపు చెంపలకు తేనె

డిసెంబరు, ఆదివారం.

హైదరాబాదు చలికి చెంపలు రెండూ తెల్లగా పొడిబారి, ముఖం కడుక్కున్న మరుక్షణమే బిగుసుకుపోతున్నాయి. ఏటా ఈ నెల రాగానే వంటింటి అలమరలోని తేనె సీసా స్నానాల గది గూటిలోకి మారుతుంది. ఈసారిది విశాఖపట్నం నుంచి మా మరిది తెచ్చిన గిరిజన సహకార సంస్థ తేనె. 1956లో ఏర్పడిన ఆ సంస్థ, మన్యంలో గిరిజనులు సేకరించే అటవీ ఉత్పత్తులను వారి దగ్గరే కొని అమ్ముతుంది.

చలికి సీసా అడుగున సగం దాకా తేనె పేరుకుపోయి, బొంబాయి రవ్వలా పలుకులు కట్టింది. దానిని చూడగానే అత్తయ్యగారు, "ఇందులో పంచదార పాకం కలిపారు, తిరిగి ఇచ్చెయ్యమని చెప్పు" అన్నారు. తేనెలో ప్రధానంగా ఉండేవి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలు; వాతావరణం చల్లబడితే గ్లూకోజు విడివడి పలుకులుగా మారుతుంది కనుక, పేరుకోవడం కల్తీకి గుర్తు కాదని ఆవిడకు చెప్పాను. గ్లాసెడు నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్లను తేనెలో ముంచి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు కూడా నమ్మదగినవి కావు. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను, మామూలు పరీక్షలకు దొరకని పాకాన్ని కూడా పట్టే ఎన్ఎంఆర్ అనే పరీక్షకు పంపితే 10 బ్రాండ్లు అందులో నిలవలేదు. ప్రయోగశాలలో జరిగే మామూలు పరీక్షలకే అందని కల్తీ అగ్గిపుల్లకు అందుతుందా?

పేరుకున్న తేనెను నేను కరిగించను. గట్టిగా వేడిచేస్తే అందులోని ఎంజైములు దెబ్బతింటాయన్నది ఒక కారణమైతే, ఆ పలుకులే నాకు కావలసినవి కావడం రెండవది. ముఖం తడిపి, చెంచాడు తేనెను వేళ్లతో సున్నితంగా గుండ్రంగా రుద్దుతుంటే, పలుకులు మొదట గరగరమని తగిలి, చర్మాన్ని గీరే లోపే తడికి కరిగిపోతాయి. బజారులో దొరికే గింజల పొడి స్క్రబ్బులకు ఈ మర్యాద తెలియదు.

తడిపిన ముఖం మీదే రాయడం ఇందులో అసలు కీలకం. తేనెకు నీటిని పట్టి ఉంచే గుణం ఉంది. అయితే గాలి పొడిగా ఉన్న రోజున పొడి చర్మం మీద అద్దితే, పట్టి ఉంచడానికి బయట తేమ దొరకక చర్మంలోని తేమనే పైకి లాగుతుంది. అందుకే తడి ముఖానికి పలచగా పట్టించి, పావుగంట ఉంచి, గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కల నువ్వుల నూనె రాస్తే చెంపల బిగువు సడలుతుంది. మచ్చలు పోతాయని, రంగు తేలుతుందని చెప్పే మాటలను మాత్రం నేను పట్టించుకోను. చర్మం మెత్తబడటమే దీని వల్ల కలిగే మేలు, నాకు అది చాలు.

వారాంతానికి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఏదో వీడియో చూసి, తేనెలో నిమ్మరసం, వంటసోడా కలుపుదామంది. మన చర్మం పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) దాదాపు 5, తేనెది దాదాపు 4 కాబట్టి ఆ రెండింటికీ పొత్తు కుదురుతుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటే, వంటసోడా నీళ్లు 8 దాటుతాయి. ఈ రెండూ చర్మానికి తగినవి కావు. పైగా నిమ్మరసం తగిలిన చోట ఎండ సోకితే బొబ్బలెక్కి, నెలల తరబడి నల్లని మరకలు మిగలవచ్చు. మీగడ, శనగపిండి కలుపుకోమన్నాను. అదీ, ముందుగా మోచేతి మడత దగ్గర కాస్త రాసి, ఒక రోజు ఆగి చూసుకున్న తరువాతే. పుప్పొడి పడనివారికి తేనె కూడా దురద పెట్టవచ్చు.

అత్తయ్యగారి దృష్టి అప్పటికి మనవరాలి ముంగురుల మీదికి మళ్లింది. తేనె తగిలితే వెంట్రుకలు నెరుస్తాయని ఆవిడ గట్టి నమ్మకం; మా పుట్టింట్లోనూ ఇదే మాట. తేనెలో నీళ్లు కలిసినప్పుడు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వల్ల కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టే మాట నిజమే, జుట్టు రంగును తేల్చేందుకు వాడేదీ ఆ పదార్థమే. కానీ పావుగంటలో కడిగేసే తేనెలో అది ఉండేది అత్యల్పం కనుక, దానికి తల నెరవదు. అయినా పెద్దావిడ మాట కాదనడం ఎందుకని అమ్మాయి తలకు తువ్వాలు చుట్టుకుంది.

మధ్యాహ్నం మా తమ్ముడి భార్య ఫోన్ చేసి, పాపాయి పెదవులు చిట్లుతున్నాయి, కాస్త తేనె రాయవచ్చా వదినా అని అడిగింది. వద్దంటే వద్దన్నాను. తేనెలో ఉండగల ఒక రకం బాక్టీరియా బీజాలు ఏడాది నిండని పిల్లల పేగుల్లో మొలకెత్తి, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బును తెస్తాయి. పెదవికి రాసినది నోట్లోకి పోక మానదు. పుట్టిన బిడ్డకు తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు కాబట్టి, అమ్మమ్మకు కూడా చెప్పమన్నాను.

సాయంత్రం బయలుదేరుతూ అమ్మాయి ఒక సీసాడు లేపనం కలిపి ఇమ్మంది. తేనె ఏళ్ల తరబడి నిలవ ఉండేది అందులో నీరు ఇరవై శాతానికి మించకపోవడం వల్ల. మీగడో, గులాబీ పన్నీరో కలిపితే ఆ కట్టు తెగి, రెండు రోజులకే పులిసిపోతుంది. కాబట్టి ఉత్త తేనెనే చిన్న సీసాలో పోసి, ఎప్పటికప్పుడు అరచేతిలో కలుపుకోమని చెప్పి పంపాను. గదిలోని మిగతా పిల్లలు దానిని బ్రెడ్డు మీద పోసుకుని తినకుండా కాపాడుకోవడం ఇక తన పని.