6బి 6బి అని కనిపిస్తే డిస్కును తిట్టొద్దు

కడపలో ఇంట్లోంచే లినక్స్ స్టోరేజ్ డ్రైవర్ల పని చేస్తుంటాను. ఈమధ్య టెస్ట్ మెషీన్ ఒకటి డిస్కు మీద లోడ్ పడగానే క్రాష్ అవుతూ వచ్చింది, అదీ ప్రతిసారీ వేరే చోట, ఒకసారి ఫైల్ సిస్టమ్‌లో, ఇంకోసారి డిస్కుతో సంబంధమే లేని నెట్‌వర్క్ కోడ్‌లో. టీమ్‌లో ఒకాయన "డిస్కు మార్చి చూడన్నా" అన్నాడు. ఇట్లా చోటు మారుతుంటే నా అనుమానం ముందు మెమరీ మీదికే పోతుంది.

స్లబ్ డీబగ్, అంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే సెట్టింగ్, పెట్టి బూట్ చేస్తే క్రాష్ రిపోర్టులో ప్రాసెసర్ రిజిస్టర్లో 6బి6బి6బి6బి అని వరసగా తేలింది. ఆ డీబగ్ ఆన్‌లో ఉంటే, ఫ్రీ చేసిన మెమరీని కెర్నల్ ఆ బైటుతోనే నింపుతుంది, అంటే ఖాళీ చేసిన ఇంటికి ఎవరో ఇంకా వచ్చి పోతున్నారన్నమాట. ఆ వచ్చేది ఎవరో పట్టి చెప్పేది కాసాన్, కెర్నల్‌లోనే ఉండే మెమరీ తప్పుల టూల్. 2015లో 4.0 కెర్నల్‌తో వచ్చింది, మెషీన్‌ను బాగా స్లో చేస్తుంది, అయినా సరే, ఎక్కడ అలొకేట్ చేశారు, ఎక్కడ ఫ్రీ చేశారు, తర్వాత ఎవరు ముట్టుకున్నారు, అన్ని స్టాక్‌లూ, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఆ వరసలన్నీ, చేతిలో పెడుతుంది.

విషయం ఏమిటంటే, టైమవుట్ అయిన రిక్వెస్ట్‌ను డ్రైవర్ ఫ్రీ చేసేస్తోంది, డిస్కేమో తాపీగా జవాబిచ్చి దాన్నే పూర్తి చేయిస్తోంది. కమాండ్ నిజంగా ఆగిందని తేలాకే ఫ్రీ చేసేలా మార్చాం.

అదే ఫైల్లో, డిస్కుకు రాసే దారిలో, జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్‌తో, అంటే అవసరమైతే డిస్కుకు రాసైనా మెమరీ తెమ్మనే సూచనతో, అలొకేషన్ కూడా ఉంది. మెమరీ తగ్గితే కెర్నల్ పేజీలను డిస్కుకు రాయబోతుంది, ఆ రాత తిరిగి మన డ్రైవర్‌కే వస్తుంది, ఇక ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూడ్డమే. దాన్ని మెమరీ కోసం డిస్కు జోలికి పోవద్దనే నోఐఓ ఫ్లాగ్‌కి మార్చేశాను.