పెరటి ఈతకొలనుకు చలికాలపు కప్పు: దసరా నుంచి కార్తీకం దాకా జరిగిన పని

వరంగల్ దగ్గర ధర్మసాగర్ వైపు మా తోటలో ఉన్న ఈతకొలను పొడవు 24 అడుగులు, వెడల్పు 12 అడుగులు, సగటు లోతు 4 అడుగులు. నిండుగా ఉంటే దాదాపు 32,600 లీటర్ల నీరు పడుతుంది. దసరా దాటితే మా ఇంట్లో ఎవరూ అందులో దిగరు, మళ్లీ శివరాత్రి వెళ్లాకే దాని అవసరం పడుతుంది. ఈ నడిమి నెలల్లో నీరు పాడవకుండా ఈ ఏడాది చేసిన ఏర్పాటును కొలతలతో సహా నమోదు చేస్తున్నాను. పంపును బాగా తగ్గించి కొలనును పూర్తిగా విశ్రాంతిలో పెట్టే పని డిసెంబరు నడుమ ఉంటుంది. ఇక్కడ రాస్తున్నది దానికి ముందు దశ.

కొలను మూయడం గురించి దొరికే సూచనలు ఎక్కువగా మంచు కురిసే దేశాలవి. అక్కడ నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బి పైపులను పగులగొడుతుంది కనుక నీటిమట్టాన్ని స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను లాగే గోడ నోరు) కిందికి దించుతారు, పైపుల్లో మిగిలిన నీటిని గాలితో ఊది తీసేస్తారు. వరంగల్‌లో గాని, తెల్లవారుజామున పాదరసం 10 డిగ్రీల కిందికి జారే ఆదిలాబాద్‌లో గాని కొలనుకు ఆ భయం లేదు. మన చిక్కు దానికి తలకిందులుగా ఉంటుంది. నీటి ఉష్ణోగ్రత దాదాపు 15 డిగ్రీలకు దిగితే తప్ప నాచు బాగా మందగించదు, మన దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో నీరు ఆ దరిదాపులకు కూడా రాదు. అందువల్ల కప్పు వేసిన తరువాత కూడా పంపు నడవవలసిందే, నీటిలో క్లోరిన్ నిలవవలసిందే. ఈ ఏడాది ఏర్పాటంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

మరి నాచును పంపు, క్లోరిన్ చూసుకుంటే కప్పు దేనికని అడగవచ్చు. కార్తీకంలో మా చుట్టూ పొలాల్లోకి వరికోత యంత్రాలు దిగుతాయి. ఆ దుమ్ము, తాలు, పొట్టు గాలికి లేచి తెరిచి ఉన్న నీటి మీద తెట్టు కడతాయి. ఆ తరువాత ఎవరైనా కొయ్యకాళ్లు తగలబెడితే మసి కూడా వచ్చి చేరుతుంది. సన్నని పొట్టు స్కిమ్మర్ బుట్టలో ఆగదు, నేరుగా ఇసుక ఫిల్టర్‌లోకి పోయి దాన్ని పూడుస్తుంది. కాబట్టి కోతలు మొదలయ్యేలోగా కప్పు పడాలన్నదే నేను పెట్టుకున్న గడువు.

నీళ్లన్నీ తోడేసి ఎండబెడితే సరిపోతుంది కదా అన్న సలహా ప్రతి ఏడూ వినిపిస్తుంది. వానాకాలం ముగిసే వేళకు భూగర్భ జలం పైకి వచ్చి ఉంటుంది. ఖాళీ తొట్టి కింద ఆ నీటి ఒత్తిడి పెరిగితే అడుగు చిట్లవచ్చు, కొన్నిచోట్ల కట్టడమే పైకి లేవవచ్చు. పైగా కప్పు నీటి మీద ఆనుకుని ఉంటేనే దాని బరువు నీరు మోస్తుంది, మట్టం తగ్గితే ఆ బరువంతా అంచుల మీద పడి పట్టా చినుగుతుంది. కొలను గట్టుకు నాలుగు అంగుళాల కింద మట్టం నిలిపి ఉంచాను.

ముందు నీటి పని. గోడలను బ్రష్‌తో రుద్ది, అడుగున చేరిన మట్టిని వాక్యూమ్‌తో లాగి, ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేశాక, అంటే నీటిని వెనక్కి తిప్పి ఇసుకను కడిగాక, పరీక్ష కిట్‌తో చూస్తే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) కాస్త ఎక్కువగా, ఆల్కలినిటీ (పీహెచ్ మాటిమాటికీ మారకుండా ఆపే గుణం) 80 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) కన్నా తక్కువగా కనిపించాయి. మా కొలనులో ఆల్కలినిటీని 10 పీపీఎం పెంచడానికి 550 గ్రాముల వంటసోడా పడుతుంది. దాన్ని 100 దగ్గరికి తెచ్చి, ఆ తరువాత కొద్దికొద్దిగా ఆమ్లం వేసి పీహెచ్‌ను 7.4కు దించాను. మా బోరు నీరు కఠినజలం, పీహెచ్ పెరిగితే టైల్స్ మీద తెల్లని సున్నపు చార కడుతుంది కనుక ఈ అంకె విషయంలో నేను పట్టుదలగానే ఉంటాను. చివరగా 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అర కిలో వేస్తే క్లోరిన్ 10 పీపీఎం పెరిగింది. పొడిని బకెట్ నీటిలో వేయాలి గాని పొడి మీద నీరు పోయకూడదు. అడుగున మడ్డి దిగాక పైతేట మాత్రమే కొలనులో పోయాలి. ఆమ్లానికి వాడిన బకెట్‌ను దీనికి వాడితే విషవాయువు పుడుతుంది. క్లోరిన్ 3 పీపీఎంకు దిగే వరకు కొలనును తెరిచే ఉంచాను, ఎందుకంటే అంత ఘాటు మీద కప్పు వేస్తే కింద చేరిన క్లోరిన్ పట్టాను పెళుసుబారుస్తుంది.

కప్పుకు వడ్ల కుప్పల మీద కప్పే తాటిపత్రినే తీసుకున్నాను: 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు), 30 అడుగులు 18 అడుగులు, లోపలి వైపు నలుపు. పలుచని నీలం పట్టా చవకే గాని వెలుతురును లోపలికి వదులుతుంది, వెలుతురు ఉంటే నాచు ఉంటుంది. నాలుగు పక్కలా మూడేసి అడుగులు గట్టు మీదికి వచ్చింది. అంచులు లేవకుండా ఏం పెట్టాలన్న దగ్గర తోట చూసుకునే పెద్దాయన, “సంచులల్ల ఇసుక నింపి పెడితే అయిపోతది గద సారూ” అన్నాడు. “ఒక్క సంచి పిగిలినా ఇసుకంత నీళ్లల్లనే పడతది కాకా” అని, పొలానికి నీరు పెట్టే, చుట్టగా చుట్టేసే పాత లపేట పైపు తెమ్మన్నాను. మూడంగుళాల లపేట పైపు మీటరుకు నాలుగున్నర లీటర్ల నీరు పడుతుంది. ముక్కలుగా కోసి, ఒక కొన మడిచి తాడుతో బిగించి, నీరు నింపి రెండో కొన కట్టేస్తే చుట్టూ 72 అడుగులకు దాదాపు వంద కిలోల బరువు వచ్చింది. ఎక్కడైనా కారినా కారేది నీరే. తాటిపత్రి కింద, కొలను నడుమ, కడిగిన లారీ ట్యూబు ఒకటి గాలి నింపి వదిలాను. దానితో కప్పు మధ్యలో గుడారంలా లేచి వాన నీరు అంచులకు జారుతుంది. ట్యూబు వాల్వు పట్టాను చీల్చకుండా దానికి గుడ్డ చుట్టడం తప్పనిసరి. అన్నిటికీ పైన నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ పరిచాను. ఆకులు రాలడం ఆగాక దాన్ని చెత్తతో సహా చుట్టి లాగేస్తే అడుగున పట్టా శుభ్రంగా మిగులుతుంది.

నైరుతి వెళ్లిపోయినంత మాత్రాన వాన ముగిసిందని అనుకోవడానికి లేదు. 2025 అక్టోబరు నెలాఖరున మొంథా తుపాను వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచిన తీరు ఇక్కడెవరూ మరవలేదు. మా కొలను వైశాల్యం మీద ఒక్క అంగుళం వాన పడితే 680 లీటర్లు నిలుస్తుంది. తోట కొలను కన్నా పల్లంలో ఉంది కనుక మోటారు అవసరం పడలేదు. నీరు నింపిన గొట్టం ఒక కొనను కప్పు మీది మడుగులో, రెండో కొనను జామచెట్టు పాదులో పెడితే సైఫన్ పద్ధతిలో దానంతటదే దిగిపోతుంది. ఈ పని వాయిదా వేయకూడదు. డెంగీ దోమకు కావలసింది ఇలాంటి తేట నీరే, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కప్పు కింది నీటిలో క్లోరిన్ ఉంటుంది, పైన నిలిచిన వాన నీటిలో ఉండదు.

కోతుల సంగతి వేరే చెప్పాలి. వాటికి కొత్త పట్టా కనిపిస్తే గుంజి చూడాల్సిందే. లపేట పైపుల బరువుతో పాటు మూలల కన్నాలకు తాళ్లు వేసి గట్టు కొక్కేలకు కట్టాక కొంత నయం. ఇంతకన్నా ముఖ్యమైన మాట: తాటిపత్రి పిల్లల బరువు ఆపదు. దాని మీద కాలు పెట్టిన పిల్లవాడు పట్టాలోనే చుట్టుకుని మునిగిపోతాడు, పైనుంచి చూసేవారికి ఏమీ కనిపించదు. అందుకే కంచె గేటుకు తాళం ఈ నెలల్లో కూడా తీయడం లేదు. అంచుల కింద చల్లదనానికి పాములు చేరతాయి, కర్రతో కదిపిన తరువాతే చేత్తో ఎత్తాలి.

పంపు ఇప్పుడు రోజుకు మూడు గంటలు, మధ్యాహ్నం పూట నడుస్తోంది. పట్టా స్కిమ్మర్ నోటికి అంటుకోకుండా దాని వాల్వును సగం మూసి, నీరు ఎక్కువగా అడుగు నుంచి వచ్చేలా తిప్పాను. ఎండ తగలకపోవడంతో క్లోరిన్ వేసవిలోలా ఎగిరిపోవడం లేదు. వారానికి ఒకసారి ఒక మూల ఎత్తి పరీక్షిస్తే 2 పీపీఎంకు అటూఇటూ నిలుస్తోంది. కోతలు ముగిశాక షేడ్ నెట్ తీస్తాను. డిసెంబరు నడుమ మరోసారి క్లోరిన్ మోతాదు వేసి, ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేసి, పంపును రోజు విడిచి రోజు ఒక గంటకు తగ్గించాలన్నది ఆలోచన. అప్పటికి నీరు 20 డిగ్రీల పైనే ఉంటే మాత్రం మూడు గంటలే కొనసాగిస్తాను.